ఓర్లాండో ఎప్‌కాట్: అమ్మానాన్నలను తీసుకెళ్లే ముందు

ఎప్‌కాట్ టికెట్టు కొనే ముందు ఇంట్లో తేల్చుకోవలసింది మోకాళ్ల సంగతి. ఫ్లోరిడాలో ఓర్లాండో దగ్గరున్న డిస్నీ వరల్డ్‌లోని నాలుగు పార్కుల్లో ఇది రెండోది, 1982 అక్టోబరు 1న తెరిచారు. దాదాపు మూడు వందల ఎకరాలు. ముందు భాగంలో సైన్సు, సాంకేతికత. వెనక భాగంలో పెద్ద సరస్సు, దాని చుట్టూ పదకొండు దేశాల పెవిలియన్లు, అంటే ఒక్కో దేశం తీరులో కట్టిన ఒక్కో ప్రాంగణం. సరస్సు చుట్టూ ఉన్న బాట ఒక్కటే రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. ప్రకాశం బ్యారేజీ మీద బెజవాడ ఒడ్డు నుంచి సీతానగరం దాకా నడిచి, మళ్లీ సగం దూరం వెనక్కి వచ్చినంత. గేటు నుంచి సరస్సుకు, రైడ్ల వరుసల్లో, తిరుగు దారిలో పడే అడుగులు కూడా కలుపుకుంటే రోజుకు ఎనిమిది పది కిలోమీటర్లు అవుతుంది.

ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. విజయవాడ, గుంటూరుల నుంచి పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నల ప్రయాణం ఎక్కువగా మే, జూన్ నెలల్లో పడుతుంది. చదువు పూర్తయిన పిల్లల పట్టా వేడుక చూసి, అక్కడి నుంచే ఓర్లాండో వెళ్తారు. "మా ఊరి ఎండ చూసినవాళ్లం, ఫ్లోరిడా ఎండ ఒక లెక్కా" అనుకుంటారు. ఉష్ణోగ్రత చూస్తే నిజమే, అక్కడ 35 డిగ్రీలు దాటడం తక్కువ. కానీ మన రోహిణి కార్తె ఎండలో ఎవరూ పది కిలోమీటర్లు నడవరు, మధ్యాహ్నం తలుపులు వేసుకుని పడుకుంటారు. అక్కడ మాత్రం ఆ వేళకే నడుస్తారు. పైగా గాలిలో తేమ మన సముద్రతీరంలో ఉన్నట్టు ఉంటుంది, పట్టిన చెమట ఆరదు. వెళ్లే ముందు రెండు వారాలపాటు విజయవాడలో ఇందిరాగాంధీ స్టేడియంలోనో, గుంటూరులో ఎన్టీఆర్ స్టేడియంలోనో పొద్దున్నే గంటసేపు నడవడం అలవాటు చేసుకుంటే ఆ రోజు చాలా తేలికవుతుంది. ప్రయాణానికని బీసెంట్ రోడ్డులో కొన్న కొత్త బూట్లను కూడా ఆ రెండు వారాలూ ఇక్కడే తొడిగి నడవండి. కొత్తవి నేరుగా అక్కడ తొడిగితే మధ్యాహ్నానికి మడమల మీద బొబ్బలు లేస్తాయి, మిగిలిన రోజంతా కుంటుతూ చూడాలి.

ఇన్ని చెప్పినా, అమ్మానాన్నలతో ఒక్క డిస్నీ పార్కుకే డబ్బు, ఓపిక ఉంటే మా ఓటు ఎప్‌కాట్‌కే. అయిదారేళ్ల పిల్లలతో వెళ్లేవాళ్లకు డిస్నీ వరల్డ్‌లోనే ఉన్న మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు సరైనది. పెద్దవాళ్లకు అక్కడ చేసేది తక్కువ. ఎప్‌కాట్‌లో కూర్చుని చూసేవి, నిదానంగా సాగేవి, నీడలో తిరిగేవి ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, వ్యవసాయం తెలిసినవాళ్లకు అక్కడ మనసు నిండే చోటొకటి ఉంది.

ఆ చోటు పేరు లివింగ్ విత్ ద ల్యాండ్. పార్కు ముందు భాగంలో కుడి పక్కన ద ల్యాండ్ అనే పెద్ద భవనం ఉంటుంది, దాని కింది అంతస్తులో ఈ పడవ రైడ్. పద్నాలుగు నిమిషాలు. కుదుపు, చీకటి భయం, ఎత్తు పరిమితి ఏమీ లేవు. మొదట వర్షారణ్యం, ఎడారి, గడ్డిమైదానం బొమ్మలుగా వస్తాయి, వాటిని దాటగానే పడవ నిజమైన గాజు తోటల్లోకి వెళ్తుంది. పనస, అరటి, బొప్పాయి లాంటి మన చెట్లు కూడా కనిపిస్తాయి. అక్కడి నుంచి చూడవలసింది పద్ధతులను. కొన్ని మొక్కలకు మట్టే ఉండదు, వేర్లు గాలిలో వేలాడుతుంటాయి, వాటి మీద పోషకాలు కలిపిన నీటిని పిచికారీ చేస్తుంటారు. కొన్నిటికి సన్నని గొట్టంలో పోషకాల నీరు పలచగా పారుతూ వేర్లను తడుపుతుంది. కొన్ని ఇసుకలో పెరుగుతాయి. తీగ జాతులను నేల మీద పాకనివ్వకుండా పందిరి మీదికి ఎక్కించి, కాయలు తలపైన వేలాడేటట్టు పెంచుతారు. ఇలా పందిరి ఎక్కించిన ఒకే ఒక్క టమాటా మొక్క 32,000కు పైగా కాయలు కాసి గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది, మొత్తం బరువు అయిదు వందల కిలోలు దాటింది.

పురుగుల విషయంలో వీళ్ల పని గుంటూరు మిరప రైతు ఆగి చూడదగ్గది. ఇక్కడ 2021లో నల్ల తామర పురుగు పూతను తినేసినప్పుడు మందు మీద మందు కొట్టిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. ఆ గాజు తోటల్లో మొదటి ఆయుధం మిత్రపురుగులు. పంటను తినే పురుగును తినే పురుగులను, పంట పురుగుల గుడ్లలో గుడ్లు పెట్టే బదనిక పురుగులను పెంచి వదులుతారు. మూసి ఉన్న తోట కాబట్టి అవి ఎగిరిపోకుండా పని చేస్తాయి. బయలు పొలంలో ఇది ఇంత బాగా పనిచేయకపోవడానికి కారణం కూడా అక్కడే అర్థమవుతుంది. దారిలో చేపల తొట్లు కూడా వస్తాయి, తిలాపియా లాంటి రకాలు పెంచుతారు. కైకలూరు వైపు చెరువులున్నవాళ్లకు నీటి నిర్వహణ మీద ప్రశ్నలు పుట్టుకొస్తాయి, కానీ పడవ ఆగదు, చెప్పేవాడు ఉండడు, గొంతు రికార్డు చేసినదే. వివరంగా తెలుసుకోవాలంటే బిహైండ్ ద సీడ్స్ అని అదే తోటల్లో నడిపించి చూపే యాత్ర ఉంది. దానికి విడిగా డబ్బు కట్టాలి, ముందుగా బుక్ చేసుకోవాలి. ఇంట్లో సాగు చేసేవాళ్లుంటే ఆ డబ్బుకు వెనకాడకండి. పడవలో వెళ్లేవాళ్లు కుడి ఎడమలు రెండూ చూసే వీలుకు ముందు వరుస అడగండి. మధ్యాహ్నం వరుస పెరుగుతుంది, పొద్దున పది లోపు దాదాపు నేరుగా ఎక్కవచ్చు.

భవిష్యత్తు విషయంలో మాకు నచ్చనిది కూడా చెప్పాలి. ఎప్‌కాట్ అన్న పేరులోనే రేపటి నగరపు నమూనా అన్న అర్థం ఉంది. వాల్ట్ డిస్నీ ఇరవై వేల మంది నివసించే నిజమైన ఊరు కట్టాలనుకున్నారు, 1966 డిసెంబరులో ఆయన చనిపోయాక ఆ ఊరి బదులు పార్కు కట్టారు. మొదటి దశాబ్దాల్లో శక్తి, రవాణా, సముద్రం ఒక్కోటీ ఒక్కో భవనంగా, నేర్పించే ఉద్దేశంతో ఉండేవి. ఇప్పుడు వాటిలో చాలా వాటిని సినిమా పాత్రలు ఆక్రమించాయి. శక్తి గురించి చెప్పిన భవనం ఉన్నచోట 2022 నుంచి గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ రోలర్ కోస్టర్ ఉంది. కోస్టర్‌గా అది గొప్పదే. కానీ పదో తరగతి పిల్లాడిని సైన్సు చూపిద్దామని తీసుకెళ్లే తండ్రి ఆ లెక్కన వెళ్లకూడదు. రేపటి గురించిన నిజమైన ఆలోచన ఆ తోటల్లోనే మిగిలింది.

గేటు దగ్గర కనిపించే పెద్ద వెండి గోళం స్పేస్‌షిప్ ఎర్త్. ఎత్తు 180 అడుగులు, పైన 11,324 త్రికోణపు పలకలు. వాన పడితే నీళ్లు కింద నిలబడినవాళ్ల మీద కారవు, పలకల సందుల్లోంచి లోపలి కాలువలోకి చేరి సరస్సులోకి వెళ్లేటట్టు కట్టారు. లోపల పావుగంట రైడ్. గుహల్లో బొమ్మలు గీసిన మనిషి దగ్గర మొదలై, ఈజిప్టు పాపిరస్, ఫినీషియన్ల అక్షరాలు, గ్రీసు, రోము, అచ్చుయంత్రం, టెలిగ్రాఫు మీదుగా కంప్యూటరు దాకా మనుషులు ఒకరికొకరు కబురు ఎలా అందించుకున్నారో కదిలే బొమ్మలతో చెబుతారు. ఈ కథలో మన దేశం లేదు, అది లోటే. కాని పెద్దవాళ్లు హాయిగా చూడగలిగింది ఇదే. బండి ఆగకుండా కదులుతుంటే పక్కనే కదిలే పట్టీ మీద నడుస్తూ ఎక్కాలి. కాలు తడబడేవాళ్లు ముందే సిబ్బందికి చెబితే ఆపుతారు లేదా నెమ్మది చేస్తారు. అలా ఎవరికోసమో ఆపినప్పుడల్లా మొత్తం రైడ్ మధ్యలో నిలిచిపోతుంది, కంగారు పడనక్కర్లేదు. పైకి చేరాక బండి వెనక్కి తిరిగి వీపు కింది వైపుగా దిగుతుంది. మెడనొప్పి ఉన్నవాళ్లు తల సీటుకు ఆనించి కూర్చోవాలి. అందరికీ మొదట కనిపించేది ఇదే కాబట్టి పొద్దున వరుస అంతా ఇక్కడే ఉంటుంది. దాన్ని దాటేసి వెళ్లిపోండి, సాయంత్రం ఖాళీగా ఉంటుంది.

పెద్ద రైడ్లలో ఎవరు ఎక్కవచ్చో ఇంటి దగ్గరే అనుకోవాలి. మిషన్ స్పేస్‌లో రెండు రకాలు. ఆరెంజ్ రకం గిరగిరా తిప్పే యంత్రం, రాకెట్టు ఎగిరేటప్పటి ఒత్తిడి ఒంటి మీద పడుతుంది. ఎత్తు 44 అంగుళాలు ఉండాలి. బీపీ, గుండెకు స్టెంట్, మెడ, నడుము బాధలు, గర్భం ఉంటే దాని జోలికి వెళ్లకండి. సీటు ముందు వాంతికి సంచులు పెట్టి ఉంచుతారంటేనే అర్థం చేసుకోవచ్చు. గ్రీన్ రకం తిరగదు, 40 అంగుళాలు చాలు. గార్డియన్స్ కోస్టర్ వెనక్కి దూసుకెళ్తూ మొదలై, బండి పక్కలకు తిరుగుతుంది, 42 అంగుళాలు. బస్సులో కళ్లు తిరిగేవాళ్లకు ఇది కష్టం. టెస్ట్ ట్రాక్ కారు చివర్లో గంటకు వంద కిలోమీటర్లు దాటి ఆరుబయట తిరుగుతుంది, 40 అంగుళాలు, ఉరుము వినబడితే ఆపేస్తారు. సోరిన్‌లో సీటు పైకి లేచి కాళ్లు వేలాడుతాయి, ఎదురుగా పెద్ద తెర. ఎత్తు భయం లేని అమ్మమ్మలు కూడా ఎక్కవచ్చు, కాకపోతే జారిపోయే చెప్పులు విప్పి సీటు కింద పెట్టాలి. ముందు వరుస సీట్లే అన్నిటికన్నా పైకి లేస్తాయి. అది దొరకకపోతే పైనున్నవాళ్ల పాదాలు తెరకు అడ్డం వస్తాయి, ముందు వరుస కావాలని అడిగితే కాసేపు ఆగమని ఇస్తారు.

చిన్నపిల్లలున్న జంట ఇద్దరూ ఎక్కాలంటే రైడర్ స్విచ్ అని సిబ్బందికి చెప్పండి. ఒకరు ఎక్కి వచ్చాక రెండోవారు మళ్లీ వరుసలో నిలబడకుండా ఎక్కవచ్చు. మోకాళ్ల నొప్పి అని చెబితే మాత్రం విడి దారి ఇవ్వరు. వీల్‌చైర్ అద్దెకు తీసుకుని, మామూలు వరుసలోనే అందులో కూర్చుని వెళ్లాలి. గేటు దగ్గర దొరికే వీల్‌చైర్లు, బ్యాటరీ బండ్లు ముందు వచ్చినవారికే. పదిన్నరకు వెళ్లి లేవంటే ఏమీ చేయలేరు. పెద్దవాళ్లు సిగ్గుపడి వద్దంటారు, మధ్యాహ్నానికి అడుగుతారు, అప్పటికి ఉండవు. పొద్దునే తీసుకోండి.

టికెట్టు ధర తేదీని బట్టి మారుతుంది, పెద్దలకు ఒక రోజుకు నూరు డాలర్లు దాటుతుంది. పదేళ్లు నిండితే పెద్దల ధర, మూడు నుంచి తొమ్మిదేళ్లకు కొంచెం తక్కువ, మూడేళ్ల లోపు ఉచితం. డబ్బు వెనక్కి రాదు. ఓర్లాండోలో చవక టికెట్లు రెండు రకాలుగా ఎదురవుతాయి. ఒకటి, ఎవరో సగం వాడి మిగిల్చిన నాలుగు రోజుల టికెట్టు. ఇది పనికిరాదు, మొదటిసారి లోపలికి వెళ్లినవారి వేలు గేటు దగ్గర నమోదై ఉంటుంది, వేరేవాళ్లకు చెల్లదు. రెండోది, విడిది ఇళ్ల అమ్మకం గురించి గంటన్నర, రెండు గంటలు కూర్చుని వింటే ఇచ్చే టికెట్టు. ఆ పూట మీ ప్రయాణంలోంచే పోతుంది.

వరుస తప్పించే లైట్నింగ్ లేన్‌ను విడిగా కొనాలి. డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లు ఏడు రోజుల ముందు, మిగతావాళ్లు మూడు రోజుల ముందు, ఫ్లోరిడా ఉదయం 7 గంటలకు ఫోను యాప్‌లో బుక్ చేసుకోవచ్చు. అంటే వేసవిలో మనకు సాయంత్రం 4:30, చలికాలంలో 5:30. ఇక్కడ ఇంకా బయల్దేరని అన్నయ్యో వదినో ఆ పని చేసిపెట్టవచ్చు. అయితే అందరి టికెట్లూ ముందురోజే ఆ ఖాతాలో చేరి ఉండాలి, కార్డుకు విదేశీ చెల్లింపులు తెరిచి ఉండాలి. సరిగ్గా ఆ నిమిషంలో ఓటీపీ రాక ఆగిపోయేవాళ్లే ఎక్కువ, కాబట్టి చెల్లింపు అమెరికాలో ఉన్న పిల్లల కార్డుతో పెట్టుకోవడం మేలు. గార్డియన్స్‌కు మాత్రం ఇది కాక ఇంకొకటి కొనాలి. పెద్దవాళ్లు ఇద్దరే వెళ్తుంటే ఇవేవీ అక్కర్లేదు, వాళ్లు చూసే వాటికి వరుసలు చిన్నవే.

పదకొండింటికి వెనక భాగంలోని దేశాలు తెరుస్తారు. సరస్సుకు ఎడమ పక్క నుంచి మొదలుపెడితే వరుసగా మెక్సికో, నార్వే, చైనా, జర్మనీ, ఇటలీ, అమెరికా, జపాన్, మొరాకో, ఫ్రాన్స్, బ్రిటన్, కెనడా. భారతదేశం లేదు. నూట నలభై కోట్ల మంది దేశానికి ఇంత పెద్ద ప్రాంగణంలో ఒక గుడి గోపురం కూడా లేకపోవడం వెళ్లిన ప్రతి తెలుగువాడికీ గుచ్చుకుంటుంది. ఉన్న పదకొండింటిని మాత్రం శ్రద్ధగా కట్టారు. మొరాకోలో గోడల మీది పలకల పనికి ఆ దేశపు రాజు రెండో హసన్ పంపిన పనివాళ్లు వచ్చారు. సృష్టిలో పరిపూర్ణుడు దేవుడొక్కడే అన్న భావంతో అక్కడక్కడా కావాలని ఒక చిన్న తప్పు వదిలారు. కొండపల్లి బొమ్మల పని తెలిసినవాళ్లు ఆ గోడల దగ్గర చాలాసేపు నిలబడతారు. చైనాలో స్వర్గ దేవాలయపు నమూనా గదిలో నేల మధ్య రాయి మీద నిలబడి మాట్లాడితే మీ గొంతు మీకే మారుమోగుతుంది. మెక్సికో పిరమిడ్ లోపల ఎప్పుడూ సాయంత్రమే, చల్లగా ఉంటుంది, నిదానమైన పడవ రైడ్ కూడా ఉంది, వరుస తక్కువ. సిబ్బందిలో చాలామంది ఆయా దేశాల నుంచే వచ్చినవాళ్లు, పేరు బిళ్ల మీద ఊరు ఉంటుంది. పలకరిస్తే సంతోషంగా మాట్లాడతారు. పిల్లలకు ప్రతి దేశంలోనూ ఒక బల్ల దగ్గర ఉచితంగా కార్డులు ఇస్తారు.

నడక తగ్గించుకోవడానికి సరస్సులో పడవలున్నాయి. ముందు ఒడ్డు నుంచి జర్మనీ పక్కకు, మొరాకో పక్కకు తిరుగుతాయి, వేరే డబ్బు లేదు. పెద్దవాళ్లతో మెక్సికో నుంచి చైనా దాకా నడిచి, జర్మనీ రేవులో పడవెక్కి వెనక్కి రావచ్చు. లేదా మొరాకో రేవులో దిగి జపాన్, అమెరికాల వైపు నడవవచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం రెండు దాటాక తరచుగా ఉరుములతో వాన వస్తుంది. ఆ వేళకు అమెరికా పెవిలియన్ దగ్గర ఉండేటట్టు చూసుకోండి. లోపల అరగంట బొమ్మల నాటకం, మెత్తని కుర్చీలు, ఏసీ. కునుకు తీసినా ఎవరూ ఏమీ అనరు. రెయిన్‌కోటు వన్‌టౌన్‌లో కొని పెట్టెలో వేసుకోండి, అక్కడ ఖరీదు.

తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారు. గాజు సీసాలు, మద్యం, విడి ఐసు, సెల్ఫీ కర్రలు, మడత కుర్చీలు మాత్రం వద్దు. పులిహోర ఆ వేడికి మధ్యాహ్నం దాకా ఆగుతుంది. దద్దోజనం పులిసిపోతుంది, చల్లసంచి లేకుండా తీసుకెళ్లకండి. వేడిచేసే చోటు ఉండదు కాబట్టి చల్లారినా తినగలిగేవే పెట్టుకోవాలి. ఐసునీళ్ల గ్లాసు కౌంటరు దగ్గర కొనుక్కునే భోజనశాలల్లో అడిగితే ఉచితం, సీసా నీళ్లు కొననక్కర్లేదు. కొనుక్కు తినేటప్పుడు శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు ఉండవచ్చు. నో మీట్, నో ఫిష్, నో ఎగ్ అని మూడూ విడివిడిగా చెప్పాలి. జపాన్‌లో ఉడాన్ సేమ్యా మీద కూరగాయలే కనిపించినా రసం చేపలతో కాస్తారు. మెక్సికన్ బీన్స్‌లో పంది కొవ్వు ఉందేమో అడగాలి. వేపుడు బంగాళాదుంపలు చికెన్ వేపిన నూనెలోనే వేశారేమో అడగాలి. మెనూలో ఆకు గుర్తు ఉంటే జంతు పదార్థం లేనిదని అర్థం, అనుమానం ఉన్నప్పుడు అది ఎంచుకోండి. ఇటలీలో వయా నాపోలి పిజ్జాలను కట్టెల పొయ్యిలో కాలుస్తారు, కూర్చుని తినేచోటు కాబట్టి ముందుగా బుక్ చేసుకోవాలి. నార్వే బేకరీలో స్కూల్ బ్రెడ్ అనే బన్నులో ఏలకుల వాసన మన ఇంటి వాసనే. గుడ్డు తినేవాళ్లు తప్పక రుచి చూడాలి. జపాన్‌లో తురిమిన ఐసు మన ఐస్‌గోలాకు చుట్టం. కారం లేదన్న బాధకు గుంటూరు కారప్పొడి చిన్న పొట్లం చాలు.

శుక్ర, శని సాయంత్రాలు స్థానికులు దేశం దేశానికీ ఒక గ్లాసు తాగుతూ తిరుగుతారు, గోల ఎక్కువ. పెద్దవాళ్లతో మంగళ, బుధ వారాలు మంచివి. క్రిస్మస్ నుంచి జనవరి 1 దాకా వద్దు.

రాత్రి సరస్సు మీద బాణసంచా, పాటలు, నీటిచిమ్ములతో ప్రదర్శన పావుగంటకు పైగా ఉంటుంది. ముందు ఒడ్డున నిలబడితే బయటికి దారి దగ్గర. కానీ గాలి మీ వైపు వీస్తుంటే పొగ తప్ప ఏమీ కనబడదు. జెండాలు ఎటు ఎగురుతున్నాయో చూసి, గాలి మీ వీపు వైపు నుంచి వీచే ఒడ్డుకు చేరండి. స్థలానికి ముప్పావుగంట ముందు వెళ్లాలి. ఆస్తమా ఉన్నవాళ్లు దూరంగా కూర్చోవడం మేలు. అది అయిపోగానే వేలమంది ఒక్కసారిగా గేటు వైపు కదులుతారు, వీల్‌చైర్ తోసుకుంటూ ఆ గుంపులో వెళ్లడం ప్రమాదం. ఇరవై నిమిషాలు బల్ల మీద కూర్చుని ఆగండి. గేటు దగ్గరి దుకాణాలు అప్పటికీ తెరిచే ఉంటాయి, మోనోరైలు వరుస కూడా ఈలోపు సగానికి తగ్గుతుంది.